బరంపురంలో నేను పులి తోక పట్టిన రాత్రి

బరంపురం వెళ్ళి వచ్చి పదిహేను రోజులైంది. నా అరచేతుల పసుపు ఇంకా పూర్తిగా వదల్లేదు. కొట్టుకు బెల్లం కొనడానికి వచ్చినవాళ్ళు నా చేతులు చూసి "కామెర్లా?" అని అడుగుతున్నారు. ఒకాయన నేలవుసిరి ఆకు కూడా తెచ్చి ఇచ్చాడు. అడిగిన ప్రతివాడికీ మొదటినుంచి చెప్పుకు రావడంకంటే ఒకసారి రాసి పడేస్తే మేలనిపించింది.

బయలుదేరే ముందు

నేను వెళ్ళింది జాతర చూడడానికి కాదు, పెళ్ళికొడుకును చూడడానికి. మా అక్క కూతురు రాజేశ్వరికి బరంపురం నుంచి ఒక సంబంధం వచ్చింది. పట్టుచీరల వ్యాపారం, సొంత ఇల్లు, ఒక్కడే కొడుకు, పేరు జగన్నాథం. రాజేశ్వరికి పందొమ్మిదో ఏడు నడుస్తోంది. అంతకుముందు వచ్చిన నాలుగు సంబంధాల్లో ఏదో ఒక వంక కనిపెట్టి మా బావే వద్దన్నాడు. ఇది కూడా తప్పిపోతే ఇంక ఎవరు వస్తారని మా అక్క బెంగ.

మా బావకు సంగీతం పడదు. ఆయన తమ్ముడు చిన్నతనంలో హార్మోనియం పుచ్చుకుని నాటకాలవాళ్ళ వెంట వెళ్ళిపోయి, మూడేళ్ళ తరవాత హార్మోనియం కూడా లేకుండా తిరిగి వచ్చాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో గిన్నెమీద గరిటె కాస్త లయగా మోగినా మా బావ తలెత్తి చూస్తాడు.

"అక్కడ ఇప్పుడు ఠాకురాణి అమ్మవారి జాతరట. ఊరంతా డప్పులేనట," అన్నాడు నన్ను పిలిచి. "ఇదే మంచి సమయం. డప్పు వింటే కుర్రాడు కుదురుగా కూర్చుంటాడో లేదో చూసి రా. కాలు కదిపాడా, ఆ సంబంధం మనకొద్దు."

సరేనని వీధిలోకి వచ్చాను. చెప్పులు తొడుక్కుంటూ ఉంటే రాజేశ్వరి మంచినీళ్ళ చెంబుతో వచ్చి మెల్లిగా, "మామయ్యా, ఆయన గట్టిగా నవ్వుతాడో లేదో చూసి రా. మన ఇంట్లో నవ్వాలంటే పెరట్లోకి వెళ్ళాలి. అక్కడా అంతే అయితే నేను చేసుకోను," అంది.

రెండు పనులు మోసుకుని రైలెక్కాను. శుక్రవారం వస్తానని పెళ్ళివారికి ఉత్తరం రాశాను. తీరా శుక్రవారం దినం బాగాలేదని మా బావ గురువారమే నన్ను సాగనంపాడు. ఈ మార్పు అవతలివాళ్ళకు తెలపాలన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

ఇచ్ఛాపురం దాటాక

ఇచ్ఛాపురంలో ఒక ముసలాయన తమలపాకుల బుట్టతో ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. కొత్త ఒరిస్సా రాష్ట్రం ఎక్కడ మొదలవుతుందో చూడాలని నేను కిటికీలోంచి మెడ చాపి చూస్తున్నాను. గీతలాంటిదేదైనా కనిపిస్తుందనుకున్నాను. అవే తాళ్ళు, అవే గట్లు, అవే గేదెలు.

"ఏటి సూత్తన్నారు బాబూ?" అన్నాడు ముసలాయన. చెప్పాను.

"మాకే కనపడనేదు, తవరికేటి కనపడతాది? మాది బరంపురం పక్క పల్లె. ఓ రాత్రి మద్రాసోళ్ళం తొంగున్నాం. తెల్లారి లేసేసరికి ఒరిస్సావోళ్ళం అయిపోనాం. మంచం ఆడే ఉంది, నల్లులూ ఆయే."

"మరి ఇబ్బందేం లేదా?"

"ఇబ్బందేటి? మా ఆడోళ్ళు ఒరియాలో బేరమాడతారు, తెలుగులో తిడతారు. ముందూ అంతే, ఇప్పుడూ అంతే."

సెట్టిగారి ఇల్లు

మధ్యాహ్నం ఎండలో పెళ్ళికొడుకు తండ్రి సెట్టిగారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన అరుగుమీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నారు. నేను ఫలానా అని చెప్పగానే విసనకర్ర ఆగిపోయింది.

"రేపు గదండీ!" అన్నారు.

"ఇవాళే వచ్చేశాను."

ఆ మాట లోపలికి ఎలా పాకిందో గాని, ఏదో గిన్నె నేలమీద పడి దొర్లిన చప్పుడు, ఎవరో పరుగెత్తిన చప్పుడు, పెరటి తలుపు దభీమన్న చప్పుడు వరసగా వినిపించాయి. సెట్టిగారు గట్టిగా దగ్గారు.

"అబ్బాయి లేడండీ. పాత్రపురం ఎల్లాడు, సంతకి," అన్నారు.

సరిగ్గా అదే సమయానికి లోపలినుంచి ఇల్లాలి గొంతు, "అబ్బాయి ఇచ్ఛాపురం ఎల్లాడండీ," అంది.

సెట్టిగారు ఒక క్షణం కళ్ళు మూసుకున్నారు. "పాత్రపురం మీదుగా ఇచ్ఛాపురం. రేపు పొద్దున్నకి ఒచ్చేత్తాడు. తవరు కాళ్ళు కడుక్కోండి."

భోజనంలో ముందుగా పెద్ద కంచుగిన్నెడు నీళ్ళన్నం తెచ్చి పెట్టారు. మా వైపు ఇంటికొచ్చిన బంధువుకు చద్దన్నం పెడితే ఆ మాట పది ఊళ్ళకు పాకుతుంది. సంబంధం ఇక్కడితో సరి అనుకున్నాను. అంతలో సెట్టిగారు కూడా అదే గిన్నె ముందు వేసుకుని, "పఖాళొ అంటారండీ దీన్ని. ఎండకి దీన్ని మించింది నేదు. పెద్దోళ్ళొత్తే ముందిదే," అన్నారు. కొంచెం పెరుగు, వేయించి నలిపిన వడియాలు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. రెండు గిన్నెలు లాగించి, మూడో గిన్నెకు వద్దంటూనే చెయ్యి అడ్డం పెట్టడం మరిచిపోయాను.

భోజనాలయ్యాక సెట్టిగారు వాళ్ళబ్బాయి బుద్ధిమంతత్వం గురించి సాయంకాలం దాకా చెప్పారు. దీపాలు పెట్టగానే నాకు పక్క వేయించి, "బయట వొట్టి గోలండీ, దుమ్ము. ఎల్లకండి. తొంగోండి," అని తలుపు దగ్గరికి వేసి వెళ్ళారు. ఏడున్నరకు నిద్రపొమ్మంటే నేనేం చంటిపిల్లవాణ్ణా? చీకట్లో వెల్లకిలా పడుకుని ఇంటి దూలాలు లెక్కపెడుతున్నాను.

అప్పుడు మొదలైంది డోలు. ముందు ఎక్కడో దూరంగా ఒకటి. తరవాత దానికి జవాబుగా ఇంకోటి. ఇంతలో మహురి అందుకుంది. మహురి అంటే మన సన్నాయికి పెద్దన్నలాంటిది. సన్నాయి బతిమాలుతుంది, మహురి చెయ్యి పట్టుకుని లాక్కెళుతుంది. దుప్పటి కింద ఏదో కదులుతోంది, ఎలకేమోనని చూశాను. నా కాలి బొటనవేలు.

పెళ్ళికొడుకు కాలు చూడమని పంపితే నా కాలే కదిలింది. కిళ్ళీ కొనుక్కుని వస్తానని నాకు నేనే చెప్పుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాను.

నాలుగు వీధుల కూడలి

డోలు చప్పుడు వెంట నడిస్తే దారి అడగక్కర్లేదు. జాతర రోజుల్లో అమ్మవారు పుట్టింటికి వచ్చి ఉంటుందట. పుట్టింటికొచ్చిన ఆడపడుచుకు పొద్దుపోవాలి గనక వీధివీధికీ ఒక మేళం, ప్రతి మేళం ముందూ మొక్కుకున్నవాళ్ళ వేషాలు. కూడలిలో గ్యాసులైట్లు వెలుగుతున్నాయి. రామయ్యపట్నం నుంచి వచ్చిన బెస్తవాళ్ళ డోళ్ళు ఒక పక్క, ఊరివాళ్ళ డోళ్ళు ఇంకో పక్క. మధ్యలో సందు లేనంత జనం. మేడలమీద ఆడవాళ్ళు, గోడలమీద పిల్లలు.

ఒక మూల పెద్ద ఇత్తడి గంగాళంలో మారేడుపండు పానకం అమ్ముతోంది ఒకావిడ. బేలొ పణా అంటారు. కానీకి గ్లాసు. బెల్లం, మిరియాలు, కొబ్బరి కోరు. బెల్లం వర్తకుణ్ణి గనక బెల్లం మా అనకాపల్లిది కాదని మొదటి గుక్కలోనే తెలిసింది. అయినా బాగుంది. రెండో గ్లాసు తాగుతూ ఉండగా పక్కనున్న అప్పడాల వ్యాపారి, పాత్రో అట, పలకరించాడు. ఆయన ప్రశ్న తెలుగులో వేసి జవాబు ఒరియాలో వింటాడు, ఒరియాలో అడిగితే తెలుగులో చెబుతాడు. పది నిమిషాలకు నేను కూడా ఒరియా వచ్చినట్టే తల ఊపుతున్నాను.

జనం రెండుగా చీలారు. ఊరివాళ్ళ మేళం ముందు ఒక పులి వచ్చింది. ఒళ్ళంతా పసుపురంగు, నల్ల చారలు, నెత్తికి చెవులు, నాలుగు గజాల తోక. ఆ తోకను వెనకనుంచి ఒక మనిషి పట్టుకుని ఉండాలి. పులి జనంమీదికి దూకబోతే వాడు లాగాలి, అది గర్జించాలి. అదీ ఆట. ఆ రోజు తోక పట్టేవాడికి మణికట్టు బెణికింది. వాడు చెయ్యెత్తి చూపించి ఏదో అన్నాడు. మేళగాళ్ళు జనంలోకి చూశారు.

పాత్రో నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. నేను కాస్త లావుగా ఉంటాను.

"ఈ బాబున్నారు గదా! బండకేసి కట్టినట్టే!" అని నన్ను ముందుకు తోశాడు.

"నాకు రాదండీ," అన్నాను.

"రావడానికేటుంది? బరువుంటే సాలు."

జనం అరవడం మొదలుపెట్టారు, తోక పట్టమని. ఒరియాలో తోకను ఏమంటారో నేనిక్కడ రాయలేను, ఈ వ్యాసం ఆడవాళ్ళు కూడా చదువుతారు. మా వైపు పెద్దల ముందు అనకూడని మాటలాగే ఉంటుందది. ఐదారు వందలమంది ఒక్కసారిగా నావైపు వేలు చూపించి ఆ మాట అరుస్తుంటే, నేనేం తప్పు చేశానా అని చెమటలు పట్టాయి. సంగతి తెలిసేసరికి తోక నా చేతుల్లో ఉంది.

గడ్డి కూరిన బట్ట తోక, దానిమీద తడి ఆరని నూనెరంగు. పులి వెనక్కి తిరిగి, "నేను దూకితే లాగండి బాబూ. మరీ లాగేత్తే పంచె ఊడిపోతాది, సూసుకోండి," అంది. తెలుగు పులి.

అవతలి మేళం ముందు ఇంకో పులి నిలబడింది. ఏ పులి ముందుగా అడుగు తప్పితే ఆ పులి దారి ఇవ్వాలి. డోళ్ళు ఒక్కసారి లేచాయి. ఆ చప్పుడు చెవుల్లోంచి కాక అరికాళ్ళలోంచి లోపలికి వస్తుంది. మా పులి కుడికి దూకితే నేను ఎడమకు లాగాను, ఎడమకు దూకితే కుడికి లాగాను. నడుమ నడుమ నేను కూడా గంతులు వేశానని తరవాత పాత్రో చెప్పాడు. నాకు జ్ఞాపకం లేదు. మా పులి గుండ్రంగా తిరుగుతూ, నేలమీద పొర్లుతూ, ఒక్క అడుగు కూడా డోలు దెబ్బ దాటకుండా ఆడుతూంటే నేను ఎందుకొచ్చానో, ఎవరికోసం వచ్చానో అన్నీ మరిచిపోయాను.

చివరికి పులి ఒక అరుగుమీదికి ఎగిరి దూకింది. నేను నా బరువంతా వేసి లాగాను. తోక ఊడి చేతికొచ్చింది.

వెనక్కి నాలుగడుగులు పరుగెత్తి, తోకతో సహా వెళ్ళి పానకం గంగాళంలో కూర్చున్నాను. చక్కగా, కొలిచి చేయించినట్టు కూర్చున్నాను. లేద్దామంటే రాలేదు. కాళ్ళు బయట, చేతులు బయట, మధ్యలో నేను. జనం ఇది కూడా వేషంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. అవతలి పులి నన్ను చూసి నవ్వు ఆపుకోలేక అడుగు తప్పింది. ఆ లెక్కన మేమే గెలిచాం.

ఇక మా పులి సంగతి. నడివీధిలో కూలబడి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని, వెల్లకిలా పడి నవ్వింది. కళ్ళ నీళ్ళకు బుగ్గలమీది చారలు కరిగి గడ్డందాకా కారాయి. డోళ్ళ చప్పుడులో కూడా ఆ నవ్వు విడిగా వినిపించింది. తరవాత లేచి వచ్చి, మహురి వాయించే ఆయనా తనూ చెరో చెయ్యి పట్టి నన్ను పైకి లాగారు. పానకం ఆవిడ గంగాళం చుట్టూ తిరిగి చూసి, "సొట్ట పడనేదు," అని తృప్తిపడింది.

మూసిన కొట్టు అరుగుమీద

పులి నన్ను ఒక అరుగుమీద కూర్చోబెట్టి నా ఉత్తరీయం పిండుతూ, "దెబ్బేటీ తగల్నేదు గదా? తవరేవూరు?" అని అడిగింది.

"విజయనగరం వైపు," అన్నాను. ఎందుకు అబద్ధమాడానో తెలియదు. తోక పట్టిన మనిషి అనకాపల్లివాడని నలుగురికీ తెలియడం నాకు ఇష్టంలేదు.

"మంచి రోజొచ్చారు. ఇది నా ఆఖరి పులి."

"అదేమిటి?"

పులి కాళ్ళు చాపుకుంది. "ఐదో ఏట నాకు అమ్మవారు పోసింది. బతకనన్నారు. బతికితే పెళ్ళయ్యేదాకా ప్రతి జాతరకీ నిన్ను పులిని సేసి ఆమె ముందాడిత్తానని మా అమ్మ మొక్కుకుంది. ఇప్పుడు పెళ్ళి సంబంధం ఒచ్చింది. పెళ్ళయితే మొక్కు తీరిపోతాది."

నాకు అనుమానం వచ్చింది. "సంబంధం ఎక్కణ్ణుంచి?"

"అనకాపల్లి. ఆ పిల్ల తండ్రికి డప్పంటే గిట్టదంట. రేపు మేనమామొత్తాడు, నన్ను సూడ్డానికి. మా నాయిన నన్ను రుద్ది రుద్ది కడిగి, ఉలక్కుండా పలక్కుండా కూకోబెట్టేత్తానన్నాడు. ఇయ్యాల ముందుగా ఎవరో సుట్టాలొచ్చారని రంగు గిన్నెతో సహా పెరటి తలుపులోంచి గెంటేశాడు."

నా చేతిలో తోక ఇంకా ఉంది. దాన్ని మెల్లిగా అరుగుమీద పెట్టాను.

"ఆ మేనమామ ఎలాంటివాడో?" అన్నాను.

"గెద్దలాంటోడంట. ఇలా సూత్తే అన్నీ కనిపెట్టేత్తాడంట."

గద్ద పానకం కారుతూ కూర్చుంది.

"పోనీ, ఆ సంబంధం వద్దనరాదూ? పులిని వదలక్కర్లేదు గదా."

పులి గడ్డంమీది రంగు తుడుచుకుంది. మేళం పక్క వీధిలోకి మళ్ళింది, డోళ్ళ చప్పుడు కొంచెం దూరమైంది. "ఫొటో సూశాను," అంది చివరికి. "నవ్వొత్తంటే ఆపుకున్నట్టు కూకుంది ఆ పిల్ల. ఆ ఆపుకున్న నవ్వు ఎలాగుంటాదో వినాలనుంది. అందుకే పులినొగ్గేద్దారనుకుంటన్నాను."

నేనెవరో అప్పుడే చెప్పేస్తే బాగుండేది. తడి ఉత్తరీయం భుజాన వేసుకుని లేచి వచ్చేశాను.

శుక్రవారం ఉదయం

తెల్లవారకముందే లేచి నూతి దగ్గర చేతులు తోముకున్నాను. సున్నిపిండి అయింది, చింతపండు అయింది, బూడిద అయింది. పసుపు ఇంకా నిగనిగలాడింది.

ఎనిమిదింటికి ఉప్మా, అలచందల గుగ్గిళ్ళు పెట్టారు. జగన్నాథం పట్టంచు పంచె, కోటు, నుదుట విభూతితో వచ్చి దణ్ణం పెట్టి, తలెత్తకుండా ఎదురుపీటమీద కూర్చున్నాడు. ముఖాన సన్నటి అమ్మవారి మచ్చలు. చెవుల వెనక పసుపు.

"ఇప్పుడే పాత్రపురం నుంచి దిగాడండీ," అన్నారు సెట్టిగారు. "ఇచ్ఛాపురం మీదుగా. మావోడికి డప్పు సప్పుడంటే తలనెప్పి. జాతరొత్తే సెవుల్లో దూదెట్టుకుంటాడు."

నేను చేతులు పంచె కింద దాచుకుని కూర్చున్నాను. కాని ఉప్మా చేత్తో తినక తప్పదు. చెయ్యి బయటికి తీశాను. జగన్నాథం నా అరచెయ్యి చూశాడు. తలెత్తి నా ముఖం చూశాడు. నోట్లో ఉప్మా అడ్డం తిరిగి దగ్గుతూనే ఉన్నాడు. సెట్టిగారు వాడి వీపు నిమురుతూ, "సిగ్గండీ. వొట్టి సిగ్గు," అన్నారు.

అప్పుడే వీధిలో ఒక డోలు పోతోంది. పంచె అంచు కింద వాడి కాలి బొటనవేలు కదిలింది. నాదీ కదిలింది. ఇద్దరం ఒకరి కాలు ఒకరం చూసుకున్నాం.

"నాయినా, ఇంక ఆపీ," అన్నాడు జగన్నాథం. "రాత్రి నా తోక పట్టింది ఈయనే."

సెట్టిగారు వాడి వీపుమీంచి చెయ్యి తీసేశారు. లోపలినుంచి ఇల్లాలు తలమీద చెంగు కప్పుకుని గుమ్మందాకా వచ్చింది. "బాబూ, అబద్ధం మాదే. మొక్కు నాది. ఆడు బతికాడు గదా అని నాకు ఆ పులంటే దేవుడికన్నా ఎక్కువ. తవరు ఒద్దంటే ఒద్దనండి గానీ, గుంటడికి తిరుగుళ్ళున్నాయని మాత్రం సెప్పకండి," అంది.

జగన్నాథం మెల్లిగా, "గెద్దన్నందుకు ఏటీ అనుకోకండి," అన్నాడు.

"గద్ద గంగాళంలో కూర్చుంటుందా నాయనా?" అన్నాను.

ముందు వాడు నవ్వాడు. తరవాత వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. చివరికి సెట్టిగారు కూడా. ఉన్నది ఉన్నట్టు మా బావకు చెబుతాననీ, ఆయన ఏమంటాడో నా చేతిలో లేదనీ చెప్పి సెలవు తీసుకున్నాను. ఆ ఇల్లాలు దారికి అప్పడాల కట్ట ఇచ్చింది.

ఇంటికొచ్చాక

ఉన్నది ఉన్నట్టే చెప్పాను. గంగాళం సంగతి ఒక్కటి దాచుదామనుకున్నాను గాని, అది లేకపోతే కథ అతకలేదు. మా బావ ముఖం చెక్కబొమ్మలా పెట్టుకుని విన్నాడు.

"అయితే డప్పు పిచ్చి ఉందన్నమాట."

"ఉంది."

"పెళ్ళయితే మానేస్తాడు గదా? మొక్కు తీరిపోతుందన్నావు."

"మానేస్తాననే అన్నాడు."

మా బావ చాలాసేపు ఆలోచించి, "కుర్రాడు నిజం దాచకుండా చెప్పాడు. పులి మానేస్తే ఫరవాలేదు. ఖాయం చేద్దాం," అన్నాడు. మా అక్క ఊపిరి పీల్చుకుంది.

"మానేస్తే నాకొద్దు," అంది రాజేశ్వరి.

తలుపు వెనకనుంచి ఇవతలికి వచ్చి నిలబడింది. మా బావ తాను విన్నది నిజమేనా అన్న అనుమానంతో నావైపు చూశాడు.

"ఏమిటే?"

"పడీపడీ నవ్వే మనిషిని కట్టుకుని, కట్టుకున్న పాపానికి ఆ నవ్వు మాన్పించమంటారా నాన్నా? ఆయన ఆడుకుంటేనే చేసుకుంటాను."

ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ ఆయనతో అలా మాట్లాడలేదు. ఆయన మా అక్కవైపు తిరిగాడు, కూతుర్ని మందలిస్తుందని. మా అక్క మందలించలేదు. తల కూడా దించలేదు.

చివరికి మా బావ గొంతు సవరించుకుని, నన్ను కాకుండా గోడను అడుగుతున్నట్టు అడిగాడు:

"ఆ జాతర ఎన్నాళ్ళకోసారి?"

"రెండేళ్ళకోసారి బావా."

ఆయన పెదవులు కదిలించి లెక్క వేసుకున్నాడు. "అంటే రెండేళ్ళకో రాత్రి పులి. మిగిలిన రోజులన్నీ మనిషే గదా," అన్నాడు. "సరే, ఖాయమని ఉత్తరం రాయి."

జాతర ఒక్క రాత్రి కాదు, నెల్లాళ్ళు సాగుతుందన్న మాట నేనెత్తలేదు.